గోడలోని నీళ్లు మిషన్‌కు అందవు: పాత ఇళ్లలో చెమ్మ, డీహ్యుమిడిఫైయర్ ఎంపిక



ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నోట్‌బుక్స్ దిద్దుతుంటే కొన్ని పుస్తకాలు తెరవగానే ముక్కిన వాసన వస్తుంది. అట్ట మీద బూడిదరంగు చుక్కలు ఉంటాయి, కాగితం మెత్తబడి సిరా పాకుతుంది. ఆ పుస్తకాలు తెచ్చే పిల్లల్లో కొందరు మొదటి పీరియడ్ అయ్యేదాకా తుమ్ముతూనే ఉంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే జవాబు ఇంచుమించు ఒకేలా ఉంటుంది: "మాది పాత ఇల్లు సార్, వానాకాలం గోడలు చెమ్మ కడతాయి. డీహ్యుమిడిఫైయర్ కొనమంటారా?"

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకని ఇది గోడ అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అయినా మిషన్ కొనే ముందు ఒక మాట తెలుసుకోవాలి. డీహ్యుమిడిఫైయర్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. గోడలోకి నీళ్లు ఎక్కే దారిని మాత్రం మూయలేదు.

చిన్న లెక్క చూడండి. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. వానాకాలంలో 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్నప్పుడు కూడా ఆ గది గాలిలో ఆవిరిగా ఉన్న నీళ్లన్నీ కలిపితే లీటరు కాదు. మరి అలాంటి గదిలో మిషన్ పెడితే రోజూ నాలుగైదు లీటర్లు ఎందుకు వస్తాయి? నలుగురు పడుకుంటే ఊపిరి, చెమట ద్వారానే తెల్లారేసరికి లీటరు దాకా గాలిలో కలుస్తుంది. లోపల ఆరేసిన బట్టలు మరో లీటరో రెండో ఇస్తాయి. తలుపు సందుల్లోంచి బయటి తడిగాలి వస్తుంది. మిగతాది గోడ ఇస్తుంది. గోడకు కింది నుంచి నీళ్లు అందుతున్నంత కాలం మిషన్ తోడుతూనే ఉంటుంది, గోడ తాగుతూనే ఉంటుంది.

అందుకే ముందు నీళ్లు ఎక్కడివో కనిపెట్టాలి. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. చెమ్మ ఉన్నచోట గోడను గుడ్డతో తుడిచి, రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజుల తర్వాత చూడండి. మన వైపు, అంటే గది వైపు, కవరు మీద నీటి చుక్కలు ఉంటే ఆ తేమ గాలిలోది. కవరు లోపలి వైపు, గోడను ఆనుకొని చుక్కలు ఉంటే అది గోడలోంచి వస్తున్నది. రెండు వైపులా ఉంటే రెండు సమస్యలూ ఉన్నట్టే. తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించండి, వాళ్లకు సైన్సు ప్రాజెక్టు కూడా అవుతుంది.

తడి గోడలోంచే వస్తుంటే అది ఏ ఎత్తులో ఉందో గమనించాలి. పైనుంచి మరకలు దిగితే స్లాబు ఉరుస్తోంది. మేడ మీద నీళ్లు పోయే రంధ్రం వేపాకులతో మూసుకుపోయిందేమో ముందు అదే చూడండి. సగం ఇళ్లలో అంతకు మించి ఉండదు. గోడ మధ్యలో ఒకేచోట మచ్చ ఉంటే అవతల బాత్‌రూమో, పైపో ఉంటుంది. ఇక నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా పెయింటు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే భూమిలోని తడి పైకి ఎక్కుతోందని అర్థం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పాత వీధుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

దీనికి కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఒకటి, పాత రాతి గోడలకు పునాది దగ్గర తడిని ఆపే పొర వేయలేదు. రెండు, సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేస్తూ పోతే వీధి ఎత్తు పెరిగింది, ఇల్లు గుంతలో పడింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన గడప ఇప్పుడు రోడ్డుకు సమానమైంది. మూడోది మనం చేసుకున్నది. డంగు సున్నంతో కట్టిన గోడ తడి పీల్చుకున్నా ఎండాకాలంలో వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్, పైన పుట్టీ, ఆపైన ఆయిల్ పెయింట్ వేస్తే ఆ తడికి బయటికి దారి లేదు. అది మరింత పైకి ఎక్కుతుంది. ఎల్లారెడ్డిలో మా తాతగారి ఇంటికి మేమూ అదే చేశాం. రెండు వానాకాలాలకే పెయింటు పొక్కిపోయింది. చివరికి నడుము ఎత్తు దాకా సిమెంటు కొట్టించి సున్నం పూత వేయించాం. వీధి వైపు గోడ పొడవునా చిన్న కాలువ తీయించాం. గోడ పూర్తిగా ఆరిందని చెప్పను. పిల్లల మంచం మళ్లీ ఆ గదిలో వేసుకోగలిగాం.

2025 ఆగస్టు 27, 28 తేదీల వానను ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలకు కాలనీలే నీళ్లలో మునిగాయి. అలా నీళ్లలో నానిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. అంగుళం మందానికి నెల పడుతుందని కట్టుబడి పనివాళ్లు వేసుకునే మోటు అంచనా. ఈ లెక్కన తొమ్మిదంగుళాల ఇటుక గోడకే నెలలు కావాలి, అడుగున్నర రాతి గోడ సంగతి చెప్పక్కర్లేదు. తొందరపడి పెయింటు వేయించకండి. తడి గోడలోని స్విచ్ బోర్డులను ఎలక్ట్రీషియన్‌కు చూపించి, షాక్ కొట్టకుండా కరెంటును కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. చెమ్మ విషయంలో ముందుగా ఖర్చు పెట్టాల్సింది దీనికే.

ఇప్పుడు మిషన్ సంగతి. పరీక్షలో తేమ గాలిలోదే అని తేలినా, గోడ మరమ్మతు అయ్యాక ఆరబెట్టుకోవాలన్నా ఇది పనికొస్తుంది. ముందు కొన్ని వందల రూపాయల్లో దొరికే డిజిటల్ హైగ్రోమీటర్ తెచ్చి, పిల్లలు పడుకునే గదిలో వారం రోజులు చూడండి. 60 శాతం లోపు ఉంటే మిషన్ అక్కర్లేదు. ఎప్పుడూ 70 దాటుతుంటే ఆలోచించాలి.

కంప్రెసర్ ఉన్నది తీసుకోండి. లండన్‌లోనో గ్లాస్గోలోనో ఉన్న బంధువులు డెసికెంట్ రకం మంచిదని చెప్తారు. వాళ్ల చలికి అది సరే, మన వానాకాలంలో గది 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కంప్రెసర్ రకమే నయం. రెండు మూడు వేలకు ఆన్‌లైన్‌లో వచ్చే బుల్లి మిషన్లలో కంప్రెసర్ ఉండదు. నేను ఒకటి కొని చూశాను, రాత్రంతా నడిస్తే అర గ్లాసు నీళ్లు వచ్చాయి. బట్టల బీరువాకైతే పర్వాలేదు, గదికి చాలదు. డబ్బా మీద రాసిన లీటర్లను కూడా నమ్మేయకండి. '12 లీటర్లు' అంటే చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం తేమలో రోజంతా నడిపితే వచ్చే లెక్క. తేమ తగ్గేకొద్దీ అందులో సగమే వస్తుంది. ఒక పడక గదికి 10, 12 లీటర్లది చాలు. హాలు, వంటగది కలిసి ఉంటే 20 లీటర్లది చూడండి. మనం పెట్టిన శాతానికి రాగానే దానంతట అదే ఆగే హ్యుమిడిస్టాట్, ట్యాంకు నిండితే ఆగే ఏర్పాటు, పైపు తగిలించుకునే వీలు ఉండాలి. 55 దగ్గర పెట్టండి.

కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. 250 వాట్ల మిషన్ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే రెండు యూనిట్లు, నెలకు 60. గృహజ్యోతి 200 యూనిట్ల లోపు ఉన్నవారికి ఈ 60తో ఆ హద్దు దాటిపోవచ్చు. నడిచేటప్పుడు కిటికీలు మూసి ఉంచాలి, లేకపోతే కామారెడ్డి మొత్తాన్నీ ఆరబెట్టే పని దానికి అప్పగించినట్టే. గది కాస్త వేడెక్కుతుంది కాబట్టి పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు నడపడం మేలు. ఏసీ ఉన్నవాళ్లు వేరే మిషన్ కొనేముందు అందులోని డ్రై మోడ్ వారం వాడి చూడండి.

ఇంకా చిన్న పనులు కొన్ని. వానాకాలంలో కూలర్‌లో నీళ్లు పోయకండి, అది గాలికి తేమ ఎక్కించే మిషన్. బీరువా, మంచం గోడకు నాలుగంగుళాలు జరపండి. కిటికీలు మబ్బు సాయంత్రం కాకుండా మధ్యాహ్నం ఎండ పొడ ఉన్నప్పుడు తెరవండి. బూజును పొడిగా దులిపితే అదంతా గాలిలో కలుస్తుంది. మాస్కు పెట్టుకొని సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి, ఆ సమయంలో పిల్లల్ని ఆ గదిలో ఉండనీయకండి. బ్లీచింగ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

స్కూల్ బ్యాగును రాత్రిపూట గోడకు ఆనించి నేల మీద పెట్టకుండా, కుర్చీకి జిప్పు తీసి తగిలించమని పిల్లలకు చెప్పండి. నోట్‌బుక్ ఇప్పటికే చెమ్మగిల్లి ఉంటే క్లాస్ టీచర్‌కు డైరీలో ఒక ముక్క రాయండి. కొత్త పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి వారం గడువు ఇస్తాం.