ఒక్క బ్యాగు చాలు

మానసిక ఆరోగ్యంపై పోస్టరు వేయమంటే మీరేం గీస్తారు? తల పట్టుకుని కూర్చున్న మనిషినేగా! డిజైన్ కోర్సుల వైపు చూస్తున్నవాళ్లు అమెరికాలోని 'సెండ్ సైలెన్స్ ప్యాకింగ్' ప్రదర్శన ఫొటోలు ఒక్కసారి చూడండి. క్యాంపస్ పచ్చికపై పరిచిన 1,100 బ్యాగులు. అంతే! అక్కడ ఏటా ఆత్మహత్యలతో దూరమయ్యే కాలేజీ విద్యార్థుల అంచనా సంఖ్య అది. వాటిలో కొన్ని ఆ కుటుంబాలు ఇచ్చినవే, వాళ్ల కథలతో సహా. దీన్ని నిర్వహించే 'యాక్టివ్ మైండ్స్' సంస్థను పెట్టిన అలిసన్ మాల్మన్ కూడా 2000లో, తను కాలేజీలో ఉండగానే, అన్నను అలా పోగొట్టుకున్నారు.

రోజూ మన భుజాన ఉండే వస్తువు కాబట్టే చూసినవాళ్ల కాళ్లు అక్కడ ఆగిపోతాయి. మీ పోర్ట్‌ఫోలియోలోనూ ఇలా ప్రయత్నించొచ్చు. మూత తీయని టిఫిన్ డబ్బా, వారంగా మడత విప్పని పుస్తకం... ఏదో ఒక్కటే తీసుకోండి. ముందు ఆ బాధ పడినవాళ్లతో మాట్లాడండి (అందరూ ఎగ్గొట్టే పని ఇదే). ఎలా చనిపోయారన్నది మాత్రం చూపించొద్దు. కింద టెలి-మానస్ నంబరు 14416 వేయండి. మీకే మనసు బాగోలేదా? పోస్టరు తర్వాత వేయొచ్చు, ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితమే, తెలుగులోనూ మాట్లాడతారు.