తీగ లేని తోటలో విద్యుద్దీపము



ఏప్రిలు మొదలు జూను వరకు మా మైలవరపు సీమలో మామిడితోటయే మాకు ఇల్లు. రెడ్డిగూడెము, ఆగిరిపల్లి, విస్సన్నపేట, నూజివీడు ప్రాంతములవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కాయ పక్వమునకు వచ్చు దినములలో కాపు విడిచి ఎవరును ఇంటికి పోజాలరు. పూర్వము గుడిసె వేసికొని లాంతరు వెలిగించుకొనెడివారము. ఇప్పుడు మావంటివారము పాత వ్యానులలోనే పండుకొనుచున్నాము. వ్యానుతోపాటు దీపము, పంకా, సెల్‌ఫోను కూడ తోటకు వచ్చినవి. ఇబ్రహీంపట్నపు థర్మల్ విద్యుత్కేంద్రము 1979 నుండి మాకు పొరుగుననే యున్నను, కొండవాలునందలి మా తోటకు మాత్రము తీగ రాలేదు. అట్టిచోట బండిలో విద్యుచ్ఛక్తిని ఎట్లు కూర్చుకొనవలెనో, ఎట్లు పొదుపుగ వాడుకొనవలెనో నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

ఈ పాఠమును నాకు ఒక రాత్రి నేర్పినది. కొన్నియేండ్ల క్రిందట మే నెలలో, రాత్రి రెండు గంటలవేళ, మా కాపలావాని నొకనిని పాము కరచినది. అతనిని వ్యానులో పరుండబెట్టి తాళము త్రిప్పితిని. ‘టక్కు టక్కు’మను చప్పుడు తప్ప ఇంజనులో చలనము లేదు. సాయంకాలము మొదలు రెండు దీపములు, ఒక పంకా, నలుగురి ఫోనులు ఆ బండి బ్యాటరీనే పీల్చుచుండెను. మా తోటదారి ఏటవాలుగా నుండుటచేత నలుగురును త్రోయగా, మూడవసారికి ఇంజను అందుకొన్నది. ఆసుపత్రికి వేళకు చేరితిమి, అతడు బ్రతికినాడు. దారి సమతలముగా నుండినచో ఏమి జరిగియుండెడిదో నేటికిని తలపోయలేను. తప్పు బండిది కాదు, నాదే.

మన పెద్దలు విత్తనపు గింజలను ఒక పాతరలోను, తిండిగింజలను వేఱొక గాదెలోను ఉంచెడివారు. ఎంత కరవు వచ్చినను విత్తనమును ముట్టెడివారు కారు. ఇంజనును కదలించు బ్యాటరీ విత్తనపు పాతర; దీపములకును పంకాలకును వాడుకొనునది తిండిగాదె. రెండును వేర్వేరుగ నుండవలెను. నేను చెప్పవచ్చిన మాటలలో ముఖ్యమైనది ఇదియే.

ఈ వేర్పాటునకు మరియొక కారణము కలదు. సీసపు బ్యాటరీని 1859లో ప్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటె కనిపెట్టెను. సీసపు పలకలు, నీరు కలిపిన గంధకామ్లము—నేటికిని దాని సారము ఇంతే. బండి బ్యాటరీలో పలకలు పలుచనివి. అవి క్షణకాలము పెద్దశక్తి నిచ్చుటకు తగియున్నవి గాని, రాత్రియెల్ల కొంచెము కొంచెముగా ఖాళీయగుటకు తగినవి కావు. అట్లు పలుమారు చేసినచో త్వరలోనే చెడిపోవును. కాబట్టి రెండవదిగా, ఇండ్లలో ఇన్వర్టరుకు వాడు ట్యూబులరు బ్యాటరీ వంటిది ఉండవలెను. ఇంజను నడచునప్పుడు మాత్రమే రెంటిని కలిపి, ఆగినవెంటనే విడదీయు రిలే యను సాధనము దొరకును. చేతితో త్రిప్పు స్విచ్చి చౌకయే గాని, అలసినవాడు దానిని మరచును.

ఇక కొలత. గాదెలో ఎన్ని బస్తాలున్నవో తెలియక వండుకొనువాడు లేడు గదా. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటల శక్తి యుండును. సీసపుదైనచో అందు సగము, అనగా 600 మాత్రమే వాడుకొనుట క్షేమము. అయిదు వాట్ల దీపములు రెండు అయిదు గంటలు వెలిగిన 50; ఇరువది వాట్ల చిన్న పంకా ఎనిమిది గంటలు తిరిగిన 160; నాలుగు ఫోనులకు 60. మొత్తము 270. తీగలలో పోవు నష్టముతో 300 అనుకొనుడు. ఆ లెక్కన రెండు రాత్రులు గడచును. నీరు కాచు 1,500 వాట్ల కెటిలును తగిలించితిరా, అది 125 ఆంపియర్లకు పైగా లాగి బ్యాటరీని అరగంటలోపే సగము చేయును. వంట పొయ్యిమీదనే జరుగవలెను.

మిగిలిన శక్తి ఎంతో తెలిసికొనుటకు చిన్న వోల్టుమీటరు చాలును. అన్నియు ఆపి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన తరువాత 12.6 చూపిన నిండుగ నున్నట్లు, 12.2 చూపిన సగమైనట్లు. అచ్చట ఆగవలెను.

ఖర్చైనదానిని సూర్యుడు తిరిగి యిచ్చును. మా ఎండలలో 100 వాట్ల సౌరఫలకము, వేడిమివలనను ధూళివలనను కలుగు నష్టము పోగా, దినమునకు సుమారు 350 వాట్-గంటల నిచ్చును. మన ఖర్చు 300, లెక్క సరిపోయినది. కాని ఫలకముపై ఒక కొమ్మనీడ పడినను శక్తి మిక్కిలి తగ్గును. మనుష్యునకు మామిడినీడ స్వర్గము, ఫలకమునకు శత్రువు. అందుచేత బండిని చెట్టుక్రింద నిలిపి ఫలకమును బయట ఎండలో పరచవలెను. నడుమ తీగ లావుగా నుండవలెను. ఇంటిదీపమునకు వాడు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 10 మీటర్ల దూరమునకు 10 ఆంపియర్లు పోయినచో, రానుపోను దారిలో సుమారు 2.4 వోల్టులు వృథాయగును. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టము 0.6 మాత్రమే. ఫలకమునకును బ్యాటరీకిని నడుమ చార్జి కంట్రోలరు లేనిదే కలుపరాదు.

ప్రాణమునకు సంబంధించిన మాటలు మూడు కలవు. బ్యాటరీ ధనధ్రువమునకు చేరువనే ఫ్యూజు పెట్టవలెను. అది లేనిచో తీగ రాచుకొన్ననాడు బండియే తగులబడవచ్చును. చార్జి అగునప్పుడు సీసపు బ్యాటరీనుండి హైడ్రొజను వెలువడును. గాలి వచ్చుచోట దానిని కదలకుండ బిగించి, దగ్గర బీడీ ముట్టింపకుడు. పంకా కొరకని ఇంజనును నడుపుచు బండిలో నిద్రింపకుడు; ఆ పొగలోని కార్బను మోనాక్సైడు వాసన లేని విషము.

లిథియం ఫాస్ఫేటు బ్యాటరీలును వచ్చినవి. అవి తేలిక, ఎనుబదిపాళ్లు వాడుకొనవచ్చును, ఏండ్లతరబడి మన్నును. వెల హెచ్చు, వానికి తగిన చార్జరు ప్రత్యేకముగ కావలెను. స్తోమత గలవారు కొనవచ్చును. లేనివారు సీసపుదానినే శ్రద్ధగా చూచుకొనిన చాలును.

కడపట ఒక మాట. జూనులో కాయ దిగినపిదప బ్యాటరీని మూలబెట్టి, మరల ఏప్రిలులో తీయువారు కలరు. నాలుగైదు మాసములకే పలకలపై తెల్లని పొర గట్టి అది పనికిరాకపోవును. మాసమునకొకసారి చార్జి చేయుడు. స్వేదనజలము తప్ప వేఱు నీరు పోయకుడు.

ఇప్పుడు నేను తోటలో పండుకొనుటకు ముందు వోల్టుమీటరు చూచి, ఆపై ఒకమారు తాళము త్రిప్పి ఇంజను పలుకుచున్నదో లేదో విని, నిద్రించుచున్నాను. ఆ పలుకు విననిదే నాకు నిద్ర రాదు. మీ బండి విత్తనపు పాతరయు ఎల్లప్పుడు నిండుగ నుండుగాక. సెలవు.