పాత జేసీబీకి రిపేరా.. అమ్మేయడమా? లెక్క ఇలా వేసుకోండి

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకుపోయారు. చివరికి వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఓ జేసీబీ డ్రైవర్. వరదొచ్చినా, పైపులైన్ పగిలినా, కాలువ పూడినా ముందుగా ఫోన్ వెళ్లేది జేసీబీకే. మరి అదే మొరాయిస్తే? లక్షలు పోసి బాగుచేయించాలా, వదిలించుకోవాలా?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం లాంటి మండలాల్లో ఇది చాలా కుటుంబాల బతుకుతెరువు ప్రశ్న. ఒకప్పుడు కరవు ప్రాంతమైన ఇక్కడికి 2017 జనవరి 31న ప్రారంభమైన భక్త రామదాసు ఎత్తిపోతల పథకంతో పాలేరు నీళ్లు వచ్చాయి. పొలం చదును, పంట కాలువలు, చెరువు పూడిక.. అన్నింటికీ గంటల లెక్కన జేసీబీయే.

ముందు చూడాల్సింది ఆర్‌సీ

బండి ఎవరిదన్నది ముఖ్యం. కేంద్రం మోటారు వాహన నిబంధనల్లో తెచ్చిన మార్పు ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖలు, మున్సిపాలిటీల వాహనాలకు 15 ఏళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ ముగిసిపోతుంది. అంటే 14 ఏళ్లు దాటిన మున్సిపల్ జేసీబీకి ఇంజిన్ మార్పించడం ప్రజాధనం వృథా చేయడమే.

ప్రైవేటు యజమానికి ఈ ఇబ్బంది లేదు. 15 ఏళ్లు నిండాక ఆర్టీఏ తనిఖీలో నెగ్గి ఆర్‌సీని పునరుద్ధరించుకోవచ్చు. అయితే ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్స్ సంగతి తేలాకే మెకానిక్‌కు అడ్వాన్స్ ఇవ్వాలి. కాగితాలు సరిగా లేని బండిని ఎంత బాగుచేయించినా ధర పలకదు.

ఏ రిపేరుకు భయపడాలి?

అన్ని లోపాలూ ఒకటి కావు.

* పిన్నులు, బుష్‌లు, హోస్ పైపులు, సిలిండర్ సీళ్లు, బకెట్ పళ్లు: అరుగుదల సామాన్లు. వీటికి వెనకాడొద్దు. పిన్నులకు గ్రీజు సరిగా పెట్టకపోతే మాత్రం మళ్లీ మళ్లీ పోతాయి.
* ఇంజిన్: నల్ల పొగ అయితే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూపించండి. నీలి పొగ వస్తూ, ఆయిల్ మూత తీస్తే ఆవిరి జోరుగా కొడుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్టే. ఖర్చు పెద్దదే.
* హైడ్రాలిక్ పంపు: పొద్దున బాగా పనిచేసి, ఆయిల్ వేడెక్కాక బకెట్ నెమ్మదిస్తే పంపుపై అనుమానించాలి. ప్రెషర్ పరీక్ష చేయించకుండా పంపు మార్చొద్దు.
* గేర్‌బాక్స్: ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తే విప్పాకే అసలు ఖర్చు తెలుస్తుంది.
* బూమ్, ఛాసిస్: ఒకేచోట మళ్లీ మళ్లీ వెల్డింగ్ చేసిన పగులు ఉంటే ఆగి ఆలోచించండి. ఇది డబ్బుతోపాటు ప్రాణాల సంగతి కూడా.

లెక్క ఎలా?

చాలామంది రిపేరు బిల్లును, కొత్త బండి ధరను పక్కపక్కన పెట్టి పోల్చుతారు. అది తప్పు లెక్క. రిపేరు తర్వాత ఎన్ని గంటల పని వస్తుంది, గంటకు ఎంత పడుతుంది అన్నదే చూడాలి.

ఉదాహరణకు, మీ బండి ఇప్పుడున్న స్థితిలో అమ్మితే రూ.5 లక్షలు వస్తాయనుకుందాం. రిపేరుకు రూ.4 లక్షలు. తర్వాత 2,000 గంటలు నడిపి రూ.4 లక్షలకు అమ్మారు. అంటే పోయింది రూ.5 లక్షలు, గంటకు రూ.250. డీజిల్ గంటకు లీటరు ఎక్కువ తాగుతుందని మరో రూ.95, ఆగిపోయిన రోజుల నష్టం గంటకు రూ.30 కలిపినా రూ.375.

కొత్తది వడ్డీతో కలిపి రూ.41 లక్షలు పడి, 5,000 గంటల తర్వాత రూ.20 లక్షలకు అమ్ముడైతే గంటకు రూ.420. ఇక్కడ పాతదే నయం.

అదే రిపేరు 1,000 గంటలకే మళ్లీ మొదటికొస్తే? రిపేరు, అరుగుదల భారమే గంటకు రూ.500. అప్పుడు పాతదే ఖరీదు. అందుకే మెకానిక్‌ను ‘ఎంతవుతుంది?’ అని మాత్రమే కాదు, ‘ఎన్ని గంటలు వస్తుంది? దీని తర్వాత పోయేది ఏది?’ అని కూడా అడగండి.

మరి కొత్తది కొంటే?

పని ఉన్నా లేకున్నా ఈఎంఐ ఆగదు. పల్లెల్లో మట్టి పని ఎక్కువగా ఉండేది పంట చేతికొచ్చాక, ఎండాకాలంలో. వానలు పడితే బండి షెడ్డుకే. ఏడాదంతా కాంట్రాక్టు పని చేతిలో ఉంటే కొత్తది దండగ కాదు. చుట్టుపక్కల ఊళ్ల పనిమీదే బతికేవారికి వాయిదాలే గుదిబండ.

మరో తేడా కూడా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి స్టేజ్-4, 2025 జనవరి నుంచి స్టేజ్-5 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. కొత్త ఇంజిన్ల పొగ తక్కువ. కానీ సెన్సర్లు, ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఎక్కువ కాబట్టి ఊళ్లో షెడ్డు మెకానిక్ చేతికి అన్నీ లొంగవు.

చివరిగా..

రిపేరు చేయించాలనుకుంటే వానాకాలంలోనే మొదలుపెట్టండి, సీజన్ గంటలు పోవు. రెండుచోట్ల రాతపూర్వకంగా అంచనా తీసుకోండి, మార్చిన పాత సామాన్లు చూపించమనండి. తుక్కుకే ఇవ్వాలనుకుంటే ఆర్టీఏలో ఆర్‌సీ రద్దు చేయించడం మరవొద్దు. లేదంటే బండి పోయినా, కాగితాల మీద బాధ్యత మీ పేరునే మిగిలిపోతుంది.