తెర మారితే రాసింది ఏమవుతుంది?

కంప్యూటరులో దరఖాస్తు నింపుతున్నారనుకోండి. పేరు టైపు చేసి, బటన్ నొక్కగానే రెండో తెర వస్తుంది. వెనక్కి వెళితే మీ పేరు అక్కడే ఉంటుంది. ఎలా?

నాలుగు పోస్టుకార్డులను ఒకదానిపై ఒకటి పేర్చండి. పైదే కనిపిస్తుంది కదా! అడుగుదాన్ని తీసి పైన పెడితే అదే కనిపిస్తుంది. పైథాన్ భాషతో వచ్చే టికింటర్‌లో ఈ కార్డులను 'ఫ్రేములు' అంటారు. వాటిని కిటికీలో ఒకేచోట, పైది కిందివాటిని పూర్తిగా కప్పేలా అమర్చి, కావలసినదాన్ని 'టీకేరెయిజ్' అనే ఆజ్ఞతో పైకి తెస్తారు. అడుగున పడ్డ ఫ్రేము చెరిగిపోదు. మెమరీలో అలాగే ఉంటుంది.

అలాకాక, పాత ఫ్రేమును 'డిస్ట్రాయ్' ఆజ్ఞతో తొలగిస్తే? మెమరీ ఆదా అవుతుంది గాని, వేరేచోట ముందే భద్రపరచకపోతే రాసిందంతా పోతుంది! అందుకే ప్రోగ్రాము రాసేవారు తెర మార్చేముందు ఆలోచించాలి: పాత తెరతో ఇంకా పని ఉందా?