బొమ్మల కథలలో స్త్రీ పేరు

గ్రామపెద్దలారా,

పత్రికలలో వరుస చిత్రములతో నడచు బొమ్మల కథలను మీ మనుమలు చదువుచుండగా చూచియుందురు. వానిని గీయుట పురుషుల విద్య యని లోకమున చిరకాలముగా నొక భ్రాంతి కలదు.

అమెరికా దేశమున డాలియా మెస్సిక్ అను చిత్రకారిణి గీచిన బొమ్మలను, స్త్రీ గీచినవని సంపాదకులు త్రోసిపుచ్చిరి. అంతట నామె, స్త్రీపురుషులకు సమముగా చెల్లు ‘డేల్’ అను పేరు ధరించెను. చేయి అదియే, గీత అదియే, పేరొక్కటి మారెను. 1940లో ఆమె ఆరంభించిన ‘బ్రెండా స్టార్’ అను పత్రికా విలేఖరిణి కథ, 1980 వరకు ఆమె చేతను, పిమ్మట 2011 వరకు ఇతర స్త్రీల చేతను నడచెను.

ఇది పాతకాలపు మాట యనరాదు. ఫ్రాన్సు దేశపు ఆంగులేమ్ నగరమున జరుగు బొమ్మకథల ఉత్సవమున, 2016లో మహాపురస్కారమునకై 30 పేర్లు ప్రకటింపగా, అందొక్క స్త్రీ పేరును లేకుండెను. దానికి నిరసనగా పలువురు పురుషులే తమ పేర్లను ఉపసంహరించుకొనిరి. 2019లో ఆ గౌరవము జపాను చిత్రకారిణి రుమికో తకహాషికి లభించెను.

కావున లోపము గీచువారి చేతిలో లేదు, ఎంచువారి చూపులో కలదు. మీ యింటి బాలిక పలకపై బొమ్మ గీచినచో, ‘ఆడపిల్లకేల?’ యనక కాగితము, కుంచె యిప్పింపుడు. గీచినదానిని ఆమె పేరుతోనే పత్రికకు పంపుడు.