కడప చెట్టుపై గూడబాతు!

గండికోట లోయలో మలుపులు తిరిగి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మనమూ అలాగే తూర్పుకు వెళ్లి, నెల్లూరు నుంచి దక్షిణానికి తిరిగితే నేలపట్టు, పులికాట్ వస్తాయి. ఒక్కసారి చూస్తే సరిపోదు. కాలం మారితే అక్కడ దృశ్యమే మారిపోతుంది.

చినుకు పడితేనే...
పులివెందుల రైతులాగే నేలపట్టు గూడబాతులకూ వానే ఆధారం. ఈశాన్య రుతుపవనాలతో చెరువు నిండితే అక్టోబరు నుంచి సందడి మొదలవుతుంది. నీళ్లలో నిలబడే కడప చెట్లపై అవి గూళ్లు కడతాయి. అవును, ఆ చెట్ల పేరు కడపే! చుట్టూ నీళ్లుంటే నేలమీది జంతువులు గూళ్ల దాకా రాలేవు. చెరువు నిండకపోతే ఆ రక్షణ ఉండదు, గూళ్లూ తగ్గిపోతాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయనుకుంటారు చాలామంది. నిజానికి గూడబాతులు మన దేశపు పక్షులే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్ల నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. 1976లో ప్రభుత్వం దీన్ని సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది.

గులాబీ వరస
చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డెక్కండి. రెండు పక్కలా పులికాట్ సరస్సే. లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు తల కిందికి వంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి తింటుంటాయి. నాచు, చిన్న రొయ్యల్లోని రంగే వాటికి ఆ గులాబీ వన్నె తెస్తుంది. వీటి పేరుతోనే 2001లో ఇక్కడ పండగ మొదలైంది.

ఎండాకాలంలో వెళ్తే..?
మే నెలలో అదే రోడ్డు పక్కన చాలాచోట్ల పగుళ్లిచ్చిన నేలే కనిపిస్తుంది. సరస్సుకు ప్రాణం సముద్రపు ముఖద్వారాలు. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేయడంతో ఉప్పునీరు రాక, చేపలు తగ్గి జాలర్లు నష్టపోతున్నారు. పక్షులకు తిండి పెట్టేదీ ఆ నీళ్లే. జనవరిలో మురిసినవాళ్లు మేలోనూ ఓసారి వెళ్తేనే ఆ నీటి విలువ తెలుస్తుంది.

ఇలా వెళ్లొచ్చు
ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు చేరాలి. అక్కడి నుంచి చెన్నై రహదారిలో నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. సూళ్లూరుపేటకు రైలు సౌకర్యమూ ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం. బైనాక్యులర్లు మరవకండి. కేకలు మాత్రం వద్దు, గూళ్లలో పిల్లలుంటాయి!