సముద్రం పక్కనే ఎడారి

దక్షిణ అమెరికా పటం ఒకసారి ముందు పెట్టుకోండి. పడమటి అంచున మిరపకాయలా సన్నగా, పొడవుగా వేలాడుతున్న దేశమే చిలీ. దాని ఉత్తర భాగంలో ఆంటోఫగాస్టా, ఇకీకే అని రెండు రేవు పట్టణాలున్నాయి. రెంటికీ మధ్య సుమారు 400 కిలోమీటర్ల రోడ్డు. పొద్దున్నే బయలుదేరితే చీకటి పడేలోగా చేరుకోవచ్చు. దారి పొడవునా ఎడమచేతి వైపు పసిఫిక్ మహాసముద్రం, కుడిచేతి వైపు గోడలా లేచిన కొండలు. ఈ రోడ్డు మీద మనమూ ఒక పగలు ప్రయాణం చేద్దాం.

బస్సెక్కే ముందు ఆంటోఫగాస్టా ఊరి వెనుక కొండలకేసి చూడండి. ఎండిన వాగులకు అడ్డంగా కట్టలు, బురదను పట్టి ఆపే గుంటలు కనిపిస్తాయి. ఏడాదికి సగటున కొద్ది మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఊరికి వరదకట్టలెందుకు? 1991 జూన్ 18న ఇక్కడ సుమారు మూడు గంటల్లో 42 మిల్లీమీటర్ల వాన కురిసింది. మనకైతే అది మామూలు వానరోజు. పిల్లలు గొడుగు వేసుకుని బడికి పోతారు, అంతే. అక్కడ మాత్రం గడ్డిపోచైనా లేని కొండల మీది నుంచి మట్టీ రాళ్లూ కలిసి జారి ఇళ్లను ముంచెత్తాయి. 90 మందికి పైగా చనిపోయారు.

ఏళ్ల తరబడి వాన లేకపోవడం, ఎప్పుడో వచ్చిన వాన ప్రాణాలు తీయడం: రెంటి వెనుకా ఉన్నది మన ఎడమచేతి వైపున్న ఆ సముద్రమే.

ఊరు దాటగానే సముద్రంలో ఒక పెద్ద రాతి తోరణం కనిపిస్తుంది. దాని పేరు లా పోర్టాడా. అలలు వేల ఏళ్లుగా కొరికి కొరికి చేసిన తోరణమది. మరికొంత దూరంలో మకరరేఖను దాటి ఉష్ణమండలంలోకి అడుగు పెడతాం. అయితే ఇక్కడి సముద్రంలో దిగితే ఒళ్లు జివ్వుమంటుంది! విశాఖపట్నం దగ్గర సముద్రపు నీరు సుమారు 26 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంటే, ఇక్కడ ఏడాదిలో ఎక్కువకాలం 15 నుంచి 20 డిగ్రీలే.

కారణం ఏమిటి? దక్షిణ ధ్రువం వైపునుంచి ఒక చల్లని ప్రవాహం ఈ తీరం వెంబడి ఉత్తరానికి సాగుతుంది. 1802లో పెరూ తీరానికి వచ్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ ఈ నీటి చల్లదనాన్ని కొలిచాడు. అందుకే దీన్ని హంబోల్ట్ ప్రవాహం అంటారు. దీనికి తోడు మరొకటుంది. ఇక్కడ గాలి దక్షిణం నుంచి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో కదిలే నీరు ఎడమవైపుకు, అంటే ఇక్కడ పడమటికి, ఒరుగుతుంది. పైనీరు తీరాన్ని విడిచిపోతే ఆ ఖాళీని నింపడానికి లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. అది వట్టి చేతులతో రాదు. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు మోసుకొస్తుంది. వాటితో సూక్ష్మమైన నాచులు, వాటిని తిని చేపలు, చేపలను తిని పక్షులూ, సముద్ర సింహాలూ పెరుగుతాయి. ఒకపక్క చీమ కూడా కనిపించని నేల, మరోపక్క జీవంతో కిటకిటలాడే నీరు. మధ్యలో మన రోడ్డు!

టోకోపియా పట్టణం దాటాక కొండ మరింత దగ్గరగా వస్తుంది. కొన్నిచోట్ల దాని ఎత్తు 800 మీటర్లకు పైమాటే. ఆ కొండ నడుముకు తెల్లటి మబ్బు చుట్టుకుని ఉండటం చూశారా? మబ్బుంది, వాన లేదు. చల్లని నీటికి తగిలి అడుగు గాలి చల్లబడుతుంది, బరువెక్కుతుంది. దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. మేఘం పెరగాలంటే గాలి పైకి లేవాలి కదా? కుండకు మూత పెట్టినట్లయితే ఎలా లేస్తుంది? తూర్పునుంచి అమెజాన్ తేమ వద్దామన్నా ఆండీస్ పర్వతాలు అడ్డు. మన ఇచ్ఛాపురం భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరమో, ఇకీకే దక్షిణాన ఇంచుమించు అంతే దూరం. అయినా అక్కడ ఏడాదికి సగటున ఒక మిల్లీమీటరు వాన పడితే గొప్ప.

దారిలో లోవా నదిని దాటుతాం. చిలీలో పొడవైన నది ఇదే, సుమారు 440 కిలోమీటర్లు. ఈ రోడ్డును దాటి సముద్రం చేరే ఒకే ఒక్క నది కూడా ఇదే. పైన పొలాలకూ, ఊళ్లకూ, రాగి గనులకూ వాడుకోగా ఇక్కడికి చేరేది పిల్లకాలువ పాటి నీరు.

మరి తాగునీరు? ఆంటోఫగాస్టా ఇప్పుడు ఎక్కువ భాగం సముద్రపు నీటిలోని ఉప్పు తీసి తాగుతోంది. కానీ ఆ ఊరి భౌతికశాస్త్రాచార్యుడు కార్లోస్ ఎస్పినోసా 1950లలోనే మరో ఉపాయం ఆలోచించాడు. కొండను చుట్టుకున్న పొగమంచును అక్కడివారు కమంచాకా అంటారు. అందులోని నీటి తుంపరలు వానచుక్క కాలేనంత చిన్నవి. వాటికి అడ్డంగా వల కడితే? తుంపరలు దారాలకు అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి, చుక్కలై కిందికి జారతాయి. ఇకీకేకు దక్షిణాన ఆల్టో పటాచే కొండ మీద శాస్త్రజ్ఞులు ఇలాంటి వలలతో కొలతలు తీశారు. చదరపు మీటరు వలకు రోజుకు సగటున 7 లీటర్ల దాకా నీరు వచ్చింది.

ఇంకా దక్షిణాన ఉన్న చుంగుంగో అనే పల్లెకు 1992 నుంచి కొన్నేళ్లపాటు ఇలాగే నీరందింది. అంతకుముందు లారీల్లో తెచ్చిన నీళ్లే గతి. తరువాత జనం పెరిగారు. చిరిగిన వలలు బాగుచేసే నాథుడు లేకపోయాడు. మళ్లీ లారీలే వచ్చాయి. ఉపాయంలో లోపం లేదు, వల కుట్టే చేతులే కరువయ్యాయి.

సాయంత్రమైంది. కాని ఆ 1991 వాన సంగతి మిగిలిపోయింది. కొన్నేళ్లకొకసారి ఈ సముద్రం వెచ్చబడుతుంది. పెరూ జాలర్లు దీన్ని క్రిస్మస్ రోజుల్లో గమనించి, బాల ఏసు పేరుతో ఎల్ నిన్యో అన్నారు. అప్పుడు గాలి మీది మూత సడలుతుంది, వానలకు సందు దొరుకుతుంది. 1991లో అదే రూపుదిద్దుకుంటోంది.

ఇది మన గొడవ కూడా. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాలు ఎందుకు దగా చేస్తాయో తెలుసుకోవాలని దేశదేశాల లెక్కలు పోగుచేశాడు. పసిఫిక్ మీద గాలి పీడనం తగ్గితే హిందూ మహాసముద్రం మీద పెరుగుతుందని, అది ఉయ్యాలబల్ల ఆట అని కనిపెట్టాడు. 1972, 1982, 1987, 2002, 2009, 2015: మనకు వానలు తగ్గిన ఈ ఏళ్లన్నీ ఎల్ నిన్యో ఏళ్లే. 1997లో మాత్రం ఎల్ నిన్యో భీకరంగా వచ్చినా మన వానలు తప్పలేదు. ఆ ఏడు మన హిందూ మహాసముద్రంలోని వెచ్చదనాల తేడా మనవైపు నిలిచిందని శాస్త్రజ్ఞులు తరువాత గుర్తించారు.

అదిగో ఇకీకే! ఊరి వెనుక కొండంత ఇసుకతిన్నె, ముందు రేవులో పడవలు. పడవల మీద కొంగరెక్కల వంటి రెక్కలు చాచి పెలికాన్ పక్షులు దిగుతున్నాయి. నీరు ఇంకా చల్లగానే ఉందన్నమాట.